అవ్వ ఇచ్చిన ఉప్పు

ఈ మధ్యాహ్నం పాప నవ్వింది. నిద్రలో పెదవులు సాగదీసే నవ్వు కాదు, గొంతులోంచి చప్పుడుతో వచ్చిన నవ్వు. ఒళ్ళు వెచ్చగా ఉందేమోనని అనుమానమొచ్చి, నేను ఆ పూటకి మూడోసారి థర్మామీటర్ తీసి, పాదరసం దిగడానికి గట్టిగా విదిలిస్తున్నాను. ఆ విదిలింపు చూసి కిలకిలమంది. జ్వరమేమీ లేదు. నాలుగున్నర నెలలొచ్చినా నవ్వడం లేదని రెండుసార్లు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. రెండోసారి ఆయన పాపని వదిలేసి నన్నే జాలిగా చూశాడు.

సంతోషపడాల్సింది పోయి మంచం మీద కూలబడ్డాను. అయ్యో, నవ్వించింది నేనా అనుకున్నాను. బిడ్డని మొదటిసారి ఎవరు నవ్విస్తే బిడ్డకి వాళ్ళ గుణమే వస్తుందని చిన్నప్పుడొక అవ్వ చెప్పింది. నా గుణం సంగతి నాకు తెలుసు. ఆ అవ్వకి తెలుసో లేదో ఈ రోజుకీ తెలియదు.

ఇప్పుడు పాప, వాళ్ళ నాన్న ఇద్దరూ నిద్రపోతున్నారు. అపార్ట్‌మెంట్ వెనక హైవే మీద ట్రక్కుల హోరు ఆగదు. టెక్సస్‌లోని ఈ ఇర్వింగ్ వచ్చిన కొత్తలో ఆ చప్పుడుకి నిద్రపట్టేది కాదు. అంతకుముందు నేను పెరిగిన చోట చప్పుడంటే గాలి, గొర్రెల మెడలో గంటలు, అంతే.

నాకప్పుడు పదేళ్ళు. మా నాన్నకి ముప్పై రెండో ముప్పై మూడో. గుంటూరు జిల్లాలో చిన్న పల్లెటూరి పాస్టరు కొడుకు. ఒక మిషన్ వాళ్ళు అమెరికా పిలిపించి, రెండేళ్ళు చదివించి, అరిజోనా ఎడారిలో నవహోలనే ఆదివాసులు ఉండే చోట ఒక చర్చికి పంపారు. "ఒకప్పుడు దొరలొచ్చి మనకి వాక్యం చెప్పారు, ఇప్పుడు మావాడు దొరల దేశమెళ్ళి చెబుతున్నాడు" అని మా తాతయ్య ఊరంతా తిరిగి చెప్పుకున్నాడట. అక్కడ దొరలెవరూ లేరని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఎర్రమట్టి. కనుచూపు మేర ఎర్రమట్టి, దాని మీద మొండి పొదలు. వాన పడితే ఆ పొదల్లోంచి ఘాటైన వాసన వచ్చేది, వాము నలిపినట్టు. చర్చి అంటే రేకుల కప్పున్న ఒక గది, దాని పక్కనే మా రెండు గదుల ఇల్లు. చుట్టూ మైలుకొకటి, రెండు మైళ్ళకొకటి చొప్పున గుండ్రటి మట్టి ఇళ్ళు, అన్నిటి వాకిళ్ళూ తూర్పు వైపే. పొద్దున్నే ప్రతి ఇంటి నుంచి పినియన్ అనే పైన్ చెట్ల కట్టెల పొగ లేచేది. కొంచెం సాంబ్రాణి, కొంచెం జీడిమామిడి బంక కలిసిన వాసన అది. మా బట్టలకీ జుట్టుకీ నాన్న బైబిలుకీ పట్టేసింది. నా బైబిలు తెలుగుది. అందులోంచి రోజుకొక పేజీ చూసిరాత రాయించేది అమ్మ. ఇది ఇలా రాయగలుగుతున్నానంటే ఆ పేజీల వల్లే.

నాన్న వాక్యం చెప్పడానికి వెళ్ళాడు గానీ ఎక్కువగా చేసింది డ్రైవింగ్. నీళ్ళకి బావి పదమూడు మైళ్ళు. మిషన్ వాళ్ళిచ్చిన పాత పికప్ వెనక పీపాలు వేసుకుని ఇంటింటికీ నీళ్ళు తోలేవాడు. నొప్పులొచ్చిన వాళ్ళని అరవై మైళ్ళ దూరంలోని ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు. అక్కడి వాళ్ళు శవాన్ని తాకడానికి జంకుతారు. అందుకని గోతులు తవ్వడం, పూడ్చడం కూడా నాన్న పనే. వాళ్ళ భాషలో ఆయనకొక పేరు పెట్టారు, నీళ్ళు తెచ్చేవాడని అర్థం. పాస్టరని ఎవరూ అనేవాళ్ళు కాదు. ఆదివారం తొమ్మిదిమంది వస్తే ఆ వారం నాన్న మొహం వెలిగిపోయేది.

రాకపోవడానికి కారణముంది. నాన్నకి ముందున్న పాస్టరు గొప్ప రోషమున్న మనిషి. వాళ్ళ పూజలకీ విందులకీ వెళ్ళినవాళ్ళకి ప్రభు భోజనం లేదన్నాడు. మా పక్కింటి అవ్వ (పక్కిల్లంటే ముప్పావు మైలు) భర్త వాళ్ళలో మంత్రాలు పాడి వైద్యం చేసే మనిషి. చివరి రోజుల్లో జబ్బుపడి బాప్తీస్మం పుచ్చుకుంటానన్నాడు. ఆ పాస్టరు ఆయన వైద్యం సంచీ తెప్పించి చర్చి ముందు నిప్పుల్లో వేశాడు. అవ్వ గొర్రెలు తోలుకుని తిరిగొచ్చేసరికి బూడిదే మిగిలింది. ఆయనా ఎన్నాళ్ళో బతకలేదు.

అప్పట్నుంచి అవ్వ చర్చిలోకి అడుగుపెట్టలేదు. ప్రతి ఆదివారం కూతురినీ మనవరాలినీ పంపి, తను బయట ట్రక్కులో కూర్చునేది. ఎండైనా మంచైనా సరే. ప్రసంగం చెబుతూ నాన్న కిటికీలోంచి ఆ ట్రక్కు వంకే చూసేవాడు.

"తొమ్మిదిమందికి చెబుతున్నారా, ఆ ట్రక్కుకి చెబుతున్నారా?" అని అమ్మ ఎగతాళి చేసేది.

"ఆమె ఒక్కత్తి దిగి లోపలికొస్తే చాలు" అనేవాడు నాన్న. "మిగతావాళ్ళు రాకపోయినా పర్లేదు. మనవాళ్ళు చేసిన గాయం అది."

అవ్వని మా ఇంటికి తెచ్చింది నాన్న ప్రసంగాలు కాదు, అమ్మ సన్నికల్లు. ఊరి నుంచి దుస్తుల పెట్టెలో చుట్టి తెచ్చుకుంది దాన్ని. ఒకరోజు వాకిట్లో కూర్చుని అల్లం పచ్చడి నూరుతుంటే, నీళ్ళ పీపా కోసం వచ్చిన అవ్వ ఆగిపోయింది. తను మొక్కజొన్న నూరే రాయి కూడా అచ్చం అలాంటిదే. కింద కూర్చుని, అమ్మ చేతిలోంచి పొత్రం లాక్కుని, రెండుసార్లు నూరి, తల అడ్డంగా ఊపి, పట్టుకునే తీరు మార్చి చూపించింది.

"ఏందీ, నాకే నేర్పుద్దా!" అంది అమ్మ. కానీ ఆ తర్వాత అలాగే పట్టుకునేది.

అవ్వకి ఇంగ్లీషు రాదు. అమ్మకి వచ్చింది నాలుగు ముక్కలు. అవ్వ మాట్లాడితే ఆమె మనవరాలు ఇంగ్లీషులో నాకు చెప్పేది, నేను తెలుగులో అమ్మకి చెప్పేదాన్ని. మనవరాలికి పన్నెండేళ్ళు. మేమిద్దరం కలిసి చేయని అల్లరి లేదు. గొర్రెపోతు మీద స్వారీ చేశాం. కానుకల పళ్ళెంలో డబ్బులకి బదులు పినియన్ గింజలు వేశాం. నాన్న వాటిని కూడా కళ్ళు మూసుకుని దీవించి, ఆరాధన అయ్యాక వలుచుకుని తిన్నాడు.

ఆ ఏడాదే తమ్ముడు పుట్టాడు. బక్కపలచగా, ఎప్పుడూ ఏదో ఆలోచిస్తున్నట్టు మొహం. వాడి కోసం అవ్వ దేవదారు చెక్కతో, బిడ్డని పడుకోబెట్టి తాళ్ళతో కట్టే ఊయల పలక చేసి తెచ్చింది. మూడో నెల, నాలుగో నెల, అయిదో నెల కూడా వచ్చింది. వాడు నవ్వలేదు. అమ్మ చిటికెలేసేది, బుగ్గలు నొక్కేది, పాటలు పాడేది. వాడు పెద్దమనిషిలా చూసేవాడు.

"దిష్టి తగిలిందండీ వీడికి" అంది అమ్మ.

"వాక్యం చెప్పే ఇంట్లో దిష్టేంది?"

"దిష్టికి మతమేంటి? మీ అమ్మ కూడా తీసేది, మీ నాన్న సంఘానికెళ్ళాక."

నాన్న నవ్వి బయటికెళ్ళిపోయాడు. తీయమనీ అనలేదు, తీయొద్దనీ అనలేదు. అయితే కొట్లో దొరికేది పిండిలాంటి మెత్తటి ఉప్పు. పొయ్యిలో వేస్తే చప్పుడే చేయదు. చిటపటలాడని ఉప్పుతో దిష్టెలా పోతుందని అమ్మ బెంగ.

అలాంటప్పుడు అవ్వ ఒక తోలుసంచీ తెచ్చింది. లోపల కళ్ళుప్పు, కొంచెం గులాబీ రంగుగా, పెద్ద పెద్ద పలుకులు. సంచీ అమ్మ చేతిలో పెట్టి చాలాసేపు మాట్లాడింది. మనవరాలు నాకు చెప్పింది: "తాత గుర్రం మీద నాలుగు రోజులు ప్రయాణం చేసి, ఉప్పు చెరువు నుంచి తెచ్చాడు. ప్రార్థనలు చేస్తూ తెచ్చాడు. ఇదే ఆఖరిది. మీ బాబు నవ్వినప్పుడు వాడి చేత అందరికీ పంచాలి. అప్పటిదాకా దాచమని చెప్పు. నవ్వేదాకా బిడ్డ ఇంకా దేవతల దగ్గరే ఉన్నట్టు. నవ్వాడంటే మనతో ఉండాలనుకున్నట్టు. నవ్వించినవాళ్ళే విందు చేయాలి. వాళ్ళ గుణమే బిడ్డకొస్తుంది, పిసినారుల్ని మాత్రం దగ్గరికి రానివ్వద్దు."

బయట ఆ రోజే పుట్టిన గొర్రెపిల్ల ఉంది. నా మనసంతా అక్కడే.

"ఏమంటందే?" అడిగింది అమ్మ.

"తమ్ముడి కోసమంట" అన్నాను, పరుగెత్తాను.

అంతే. ఒక్క మాట. మిగతా అంతా నా దగ్గరే ఉండిపోయింది.

అమ్మకి వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. ఆ సాయంత్రమే తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని, గుప్పెట్లో ఉప్పు పట్టి, మూడుసార్లు తిప్పి, ఇరుగు దిష్టి పొరుగు దిష్టి అంటూ ఇనప పొయ్యిలో వేసింది. టపాకాయల్లా పేలింది. "చూశావా ఎంత దిష్టో!" అంది నాతో, కళ్ళు పెద్దవి చేసి. మూడు రోజులు తీసింది. ఫీనిక్స్ నుంచి ఎవరో నిమ్మకాయల పెట్టె పంపితే, ఇంత మంచి ఉప్పు మళ్ళీ ఎక్కడ దొరుకుద్దని రెండు గుప్పెళ్ళు వేసి ఊరగాయ పెట్టింది. ఇంకా సగం సంచీ మిగిలింది.

ఆ సగం నేను తగలేశాను.

ఆ చప్పుడు నాకెంత నచ్చిందో చెప్పలేను. అమ్మ బట్టలారేయడానికి వెళ్ళినప్పుడల్లా పొయ్యి మూత తీసి రెండు పలుకులు వేసేదాన్ని. తర్వాత నాలుగు, తర్వాత గుప్పెడు. నిప్పులో నీలి మెరుపు, ఆ పేలుడు, ఆ కమ్మటి వేడి. అది దేనికి దాచాల్సిందో ఆ ఇంట్లో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. తెలిసే వేశాను. వారంలో సంచీ ఖాళీ.

పది రోజుల తర్వాత అవ్వ, మనవరాలు మా వంటగదిలో కూర్చున్నారు. తమ్ముడు పలకలో నిలబెట్టినట్టు గోడకి ఆనించి ఉన్నాడు. అమ్మ కొత్త ఊరగాయ ముక్క ఒకటి రొట్టె మీద పెట్టి అవ్వకిచ్చింది. అవ్వ మొత్తం ముక్క నోట్లో వేసుకుంది. ముందు కనుబొమలు లేచాయి. తర్వాత మొహం ఎండిన రేగుపండులా ముడుచుకుపోయింది. ఒక కన్ను మూసుకుంది, నాలుక బయటికొచ్చింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చేత్తో గాలి విసురుకుంటూ ఏదో అంది.

"మీరు దీన్ని తినడానికే చేస్తారా అంటోంది" అని చెప్పింది మనవరాలు.

అప్పుడు తమ్ముడు నవ్వాడు. పొట్ట ఊగేలా, వెక్కిళ్ళు వచ్చేలా.

అవ్వ రెండు చేతులూ పైకెత్తి, ఆ మంటలోనే నవ్వడం మొదలుపెట్టింది. అమ్మ ఏడుస్తూ నవ్వుతోంది. అవ్వ లేచి వాడి పాదాలు పట్టుకుని గబగబా మాట్లాడింది.

"విందు నాదే! రెండు గొర్రెల్ని కోస్తాను అంటోంది. ఆ ఉప్పు తీసుకురమ్మంటోంది" అంది మనవరాలు.

నేను అమ్మకి చెప్పాలి. "విందు చేస్తుందంట. ఆ ఉప్పు... దాన్ని తమ్ముడు నవ్వినప్పుడు పంచడానికి ఇచ్చిందంట. తాత తెచ్చిన ఆఖరి ఉప్పంట."

"ఇప్పుడు చెబుతున్నావేందే?"

నేను నేల చూశాను. అమ్మ అటక మీది సంచీ తీసింది. అది బరువుగా ఉండాలి. లేదు. విప్పి, తలకిందులు చేసింది. తర్వాత పొయ్యి వంక చూసింది, తర్వాత నా వంక. ఆ చూపు నాకింకా కనిపిస్తుంది. కోపం లేదు అందులో. నా ఎత్తు కొలుస్తున్నట్టుగా ఉంది.

"చెప్పు ఆమెకి" అంది నెమ్మదిగా. "మా అమ్మ పొయ్యిలో వేసిందని చెప్పు. మొత్తం మా అమ్మే వేసిందని చెప్పు."

నేను చెప్పాను. మొత్తం మా అమ్మే వేసిందని నా నోటితో చెప్పాను. మనవరాలు నా మొహం ఒకసారి చూసి, వాళ్ళ భాషలో చెప్పింది.

పొయ్యిలో అన్న మాటకి అవ్వ మొహంలో దీపం ఆరిపోయింది. లేచి, శాలువా సర్దుకుని, బయటికెళ్ళి ట్రక్కులో కూర్చుంది. బండి కదల్లేదు. ఆదివారాల్లో కూర్చున్నట్టే కూర్చుంది.

నీళ్ళు తోలి వచ్చిన నాన్న సంగతి విని గుమ్మంలోనే నిలబడిపోయాడు. "రెండోసారి" అన్నాడు. "మళ్ళీ మన ఇంట్లోంచే. మళ్ళీ నిప్పులోనే."

అమ్మే కదిలింది. తమ్ముణ్ణి చంకనేసుకుని, ఊరగాయ జాడీ నా చేతికిచ్చి, ట్రక్కు దగ్గరికి నడిచింది. నాన్న వెనకే వచ్చాడు. అమ్మ కిటికీ దగ్గర నిలబడి, ఖాళీ గుప్పెట తమ్ముడి తల చుట్టూ మూడుసార్లు తిప్పి, నేల మీదికి విసిరి చూపించింది. బిడ్డకి చెడు చూపు తగిలితే మా ఊళ్ళో ఇలా చేస్తామని నాచేతా మనవరాలిచేతా చెప్పించింది.

అవ్వ ముందుకే చూస్తూ అడిగింది. "ఆ మనిషి మా సంచీని చూసి భయపడి కాల్చాడు. నువ్వు దేనికి భయపడ్డావు?"

"వీడు నవ్వట్లేదని" అంది అమ్మ.

అవ్వ తమ్ముడి వంక చూసింది. వాడు ఆమె మొహం చూడగానే మళ్ళీ నోరంతా తెరిచాడు.

"నవ్వాడుగా" అంది. తర్వాత నా చేతిలో జాడీ చూపించి, "ఇందులో మా ఉప్పెంత ఉంది?"

"రెండు గుప్పెళ్ళు."

"చాలు" అంది అవ్వ.

నాలుగు రోజులకి విందు. ఎక్కడెక్కడి నుంచో పికప్పులొచ్చాయి. కుండల్లో మాంసం పులుసు, నూనెలో పొంగే పూరీల్లాంటి రొట్టెలు, నీలం మొక్కజొన్న జావ. అవ్వ తమ్ముణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వాడి చేతిని తన చేత్తో పట్టి, ఒక్కొక్కరికీ ఒక్కో ఊరగాయ ముక్క పంచింది. జాడీ పట్టుకోవడానికి పక్కన నన్ను నిలబెట్టింది. అది గౌరవమో శిక్షో ఇప్పటికీ తేల్చుకోలేను. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరు మొహాలు ముడుస్తుంటే వరస మొత్తం పగలబడి నవ్వేది.

వరసలో అందరికంటే చివర నాన్న ఉన్నాడు. ఆ విందుల్లో పాస్టరు కూర్చోకూడదని మిషన్ వాళ్ళ కట్టడి. నవ్వులు ఆగిపోయాయి. అందరూ చూస్తున్నారు. నాన్న వంగి, రెండు చేతులూ చాపి, ఆ ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. కారం అలవాటున్న మనిషి, మొహం ముడవలేదు. కానీ కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

ఆ ఆదివారం అవ్వ ట్రక్కు దిగింది. చర్చి గుమ్మం మెట్టు మీద కూర్చుంది, వీపు లోపలికి, మొహం గొర్రెల వైపు. లోపలికి రాలేదు. నాన్న ఆ రోజు కిటికీ వంక కాక గుమ్మం వంక చూస్తూ ప్రసంగం చెప్పాడు.

నెలాఖరున మిషన్‌కి పంపే రిపోర్టు టైపు చేస్తుంటే అమ్మ అడిగింది, "రాయకపోతే ఏం?"

"నువ్వామెకి దాచకుండా చెప్పావుగా. నేను వీళ్ళకి దాచాలా?"

అంతా రాశాడు. దిష్టి, ఉప్పు మొత్తం భార్య పొయ్యిలో వేయడం, విందులో తను తినడం. వసంతంలో ఉత్తరం వచ్చింది. పాస్టరు ఇంట్లోనే అలాంటి తంతులు జరిగితే ఇక సంఘానికేం చెబుతారని అడిగారు. మమ్మల్ని తీసేశారు. టెక్సస్‌లో ఎవరో తెలిసినవాళ్ళుంటే వచ్చేశాం. నాన్న ఒక ఆసుపత్రి స్టోర్‌లో గుమాస్తాగా చేరాడు. ఆదివారం ఎవరి హాల్లోనో అయిదారు తెలుగు కుటుంబాలకి వాక్యం చెబుతాడు. ఆ రేకుల చర్చి తర్వాత మూసేశారని విన్నాం. అవ్వ కబురు మాకు అందలేదు.

అమ్మ నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. రెండేళ్ళ క్రితం పోయేదాకా అడగలేదు. నేనూ చెప్పలేదు. చెప్పని మాట లోపల ఉంటే మనిషి ప్రతిదానికీ ఉలిక్కిపడుతుందేమో. రోజుకి మూడుసార్లు థర్మామీటర్ విదిలిస్తుందేమో.

ఈ సాయంత్రం నాన్నకి ఫోన్ చేశాను. పాప నవ్విందని చెబితే, "ఎవరు నవ్వించారు?" అనే అడిగాడు మొదట.

"నేనే. నాన్నా, ఆ ఉప్పు..." అని మొదలుపెట్టి ఆగకుండా చెప్పేశాను. చెప్పాల్సిన మాట మింగేసింది నేను. సగం సంచీ కాల్చింది నేను. అమ్మ నా మీదికి రానివ్వలేదు.

అవతల తమ్ముడు చూస్తున్న టీవీ చప్పుడు వినిపిస్తోంది.

"మీ అమ్మ నాకు కూడా చెప్పలేదే" అన్నాడు చివరికి. "ఉద్యోగం పోయినా నిజమే రాశానని పన్నెండేళ్ళుగా అనుకుంటున్నానమ్మా నేను. రిపోర్టులో సగం అబద్ధమేగా!"

నాకు ఏడుపొచ్చింది. అప్పుడు ఫోన్లో ఒక వింత చప్పుడు. దగ్గనుకున్నాను. నాన్న నవ్వుతున్నాడు. ఆగలేక, ఊపిరాడక, మధ్యమధ్యలో అమ్మ పేరు తలుచుకుంటూ నవ్వుతున్నాడు.

"అయితే విందు నీదే" అన్నాడు తేరుకుని. "పాపనీ నువ్వే నవ్వించావు, నన్నూ నువ్వే నవ్వించావు. శనివారం మీ తమ్ముణ్ణి తీసుకుని వస్తా. కళ్ళుప్పుందా ఇంట్లో?"

"ఉంది. ఇండియన్ షాపులో తెచ్చాను."

"పొయ్యిలో వేయకుండా ఉంచు" అన్నాడు.

ఇది రాసేముందు లేచి ఆ ప్యాకెట్ తీసి బల్ల మీద పెట్టుకున్నాను. తెల్లటి పలుకులు, గులాబీ రంగు లేదు. నాలుగు రోజుల ప్రయాణం లేదు, నలభై నిమిషాల డ్రైవింగే. శనివారం పాప వేళ్ళు పట్టుకుని మొదటి పలుకు నాన్న చేతిలో పెట్టిస్తాను. వచ్చినవాళ్ళందరికీ, ఇది ఎవరి ఉప్పుకి బదులో మొత్తం చెప్పి పెడతాను. ఈసారి ఒక్క మాట కూడా నా దగ్గర ఉంచుకోను.